ఆటతో గ్రూప్ థెరపీ: పిల్లల ఎంపిక నుంచి వీడ్కోలు దాకా

"ఏమైంది, ఎందుకలా ఉన్నావ్?" అని అడిగితే ఏడేళ్ల పిల్ల నేల చూపులు చూస్తుంది. చెప్పకూడదని కాదు, లోపలున్నదానికి ఆ వయసులో మాటలు దొరకవు. అదే పిల్ల చేతికి రెండు బొమ్మలిస్తే, పెద్ద బొమ్మ వచ్చి చిన్న బొమ్మను మంచం కిందకు తోసి తలుపు మూసేస్తుంది. ఆట చికిత్స అంతా దీని మీదే నిలబడింది.

మరి గ్రూప్ ఎందుకు? పెద్దవాళ్లతో ఒంటరిగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండే పిల్లవాడి ఇబ్బంది, తోటి పిల్లల మధ్యకు రాగానే బయటపడుతుంది. బొమ్మ లాక్కుంటాడు, ఓడితే బల్ల తంతాడు, లేదా మూలకు చేరి ముడుచుకుపోతాడు. అది ఎక్కడ బయటపడిందో అక్కడే, అప్పుడే ఇంకో దారి ప్రయత్నించి చూసే వీలు గ్రూపులోనే ఉంటుంది. శామ్యూల్ స్లావ్‌సన్ 1934లో న్యూయార్క్‌లో పిల్లలకు ఇలాంటి గ్రూపులు మొదలుపెట్టారు. పిల్లల ఆటను పెద్దలు నడిపించకుండా వెంట నడవాలనే పద్ధతికి 1947లో వర్జీనియా ఆక్స్‌లైన్ సూత్రాలు రాశారు. కింద చెప్పే పద్ధతి ఈ రెండింటినీ కలుపుకున్నదే: కొంత స్వేచ్ఛగా సాగే ఆట, కొంత ముందే అనుకున్న ఆట.

ఇది ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు, వారానికి ఒక్కసారి చొప్పున 12 వారాల కార్యక్రమం. నడిపేవాళ్లకు పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలి. పర్యవేక్షించే అనుభవజ్ఞులు ఒకరు అందుబాటులో ఉండాలి. ఒక సంగతి ముందే చెప్పాలి. గ్రూపులు గాడి తప్పేది చాలావరకు ఆటల వల్ల కాదు, పిల్లల కూర్పు వల్ల. తప్పుగా కూర్చిన గ్రూపును ఎంత మంచి బొమ్మలూ నిలబెట్టలేవు. అందుకే ఈ మార్గదర్శిలో సగం పని మొదటి సెషన్ కంటే ముందే జరుగుతుంది.

1. పిల్లలను ఎంచుకోవడం

ముందుగా తల్లిదండ్రులతో, పిల్లలు లేకుండా, గంటసేపు మాట్లాడండి. పుట్టినప్పటి నుంచి జరిగిన పెద్ద మార్పులు, విడిపోవడాలు, మరణాలు, ఆసుపత్రి వాసాలు, నిద్ర, తిండి, బడి, స్నేహితులు అన్నీ అడగండి. "వీడు కోపంగా ఉన్నప్పుడు ఇంట్లో ఎవరు ఏం చేస్తారు?" అనే ప్రశ్న తప్పకుండా వేయండి. ఆ జవాబులో ఇంటి వాతావరణం సగం తెలిసిపోతుంది.

తర్వాత పిల్లవాణ్ని ఒంటరిగా ఆట గదిలో రెండుసార్లు, ఒక్కోసారి 30 నుంచి 40 నిమిషాలు చూడండి. ఒక్కసారి చూస్తే చాలదు. మొదటిసారి అందరూ మర్యాదగానే ఉంటారు. ఇక్కడ వెతకాల్సినది రోగం పేరు కాదు, తోటివారి సాంగత్యం కోసం ఆకలి. స్లావ్‌సన్, ఆయన తర్వాత పిల్లల మనస్తత్వవేత్త హైమ్ గినాట్ గ్రూపులో చేర్చుకోవడానికి దీన్నే ముఖ్యమైన అర్హతగా చూశారు. ఇంకో పిల్లవాడి మెప్పు కోసం తన పద్ధతి కాస్తయినా మార్చుకోగల పిల్లకు గ్రూప్ పనిచేస్తుంది. "ఇంకెవరు వస్తారు?" అని అడిగే పిల్ల, తను కట్టింది మీకు చూపించాలని తపించే పిల్ల, బొమ్మల మధ్య స్నేహం కుదిర్చే పిల్ల, వీళ్లలో ఆ ఆకలి కనిపిస్తుంది. పసితనంలో ఎవరితోనూ గట్టి అనుబంధం ఏర్పడని పిల్లల్లో అది కనిపించకపోవచ్చు. వాళ్లను ముందు విడిగా చూడాలి.

గ్రూపులో ఇప్పుడే చేర్చుకోకూడని వాళ్లు కొందరున్నారు. ఇటీవలే తీవ్రమైన దాడికో లైంగిక హింసకో గురై ఇంకా ఆ కుదుపులోనే ఉన్న పిల్లలు, తోటి పిల్లలతో లైంగిక ప్రవర్తన చూపేవాళ్లు, నిప్పు పెట్టే అలవాటు ఉన్నవాళ్లు, జంతువులను కావాలని హింసించేవాళ్లు, తమకు తాము హాని చేసుకునే ప్రమాదం ఉన్నవాళ్లు. వీళ్లకు సాయం అక్కర్లేదని కాదు. ముందు ఒక్కరితో ఒక్కరుగా కావాలి, అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి. పోటీ తీవ్రంగా ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లను ఒకే గ్రూపులో వేయకండి. ఒకే తరగతి పిల్లలను కూడా కలపకపోవడమే మంచిది. గదిలో జరిగింది మర్నాడు బడిలో వెక్కిరింతగా మారుతుంది.

ఇక కూర్పు. ఈ వయసుకు నలుగురు సరైన సంఖ్య. ఇద్దరు పెద్దలు ఉంటే ఐదుగురి దాకా వెళ్లవచ్చు. ఆరేళ్ల లోపు వాళ్లయితే ముగ్గురు చాలు. వయసు తేడా ఏడాదికి మించకూడదు. పదేళ్లు దగ్గరపడ్డాక ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడి గ్రూపులు నయం. అంతకు ముందు కలపవచ్చు. రెచ్చిపోయే పిల్లవాడు ఒక్కడుంటే, నిలకడగా ఉండే పిల్లలు కనీసం ఇద్దరుండాలి. రెచ్చిపోయేవాళ్లను ఇద్దరిని చేరిస్తే ఒకరినొకరు ఎగదోసుకుంటారు, మిగతావాళ్లు భయంతో నోరు మూసుకుంటారు. నలుగురూ బిడియస్తులైతే అదీ పనికిరాదు. నాలుగు వారాలైనా గదిలో ఆట పుట్టదు.

మరొక నియమం: ఏ విషయంలోనూ గ్రూపులో ఒకే ఒక్కరు ఉండకూడదు. నలుగురిలో ఒక్క ఆడపిల్ల, ఒక్క నత్తి పిల్లవాడు, తల్లిని పోగొట్టుకున్న ఒక్క పిల్ల ఇలా ఎవరినీ ఒంటరిగా పెట్టకండి. ఆ ఒక్కరే తర్వాత అందరి వేళ్లూ చూపించే లక్ష్యమవుతారు. జత దొరకకపోతే వచ్చే గ్రూపు దాకా ఆగండి. ఎదురుచూసే కుటుంబాలు ఒత్తిడి చేస్తాయి, సంస్థ కూడా ఒత్తిడి చేస్తుంది. అయినా సరిపడని గ్రూపు మొదలుపెట్టడం కంటే మూడు వారాలు ఆగడమే పిల్లలకు మేలు.

2. కొలత, లక్ష్యం

మొదలుకు ముందే తల్లిదండ్రులతో, వీలైతే టీచర్‌తో కూడా, బలాలు-ఇబ్బందుల ప్రశ్నావళి నింపించండి. రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన ఈ ప్రశ్నావళిలో 25 వాక్యాలుంటాయి. ఉద్వేగాలు, నడవడిక, నిలకడలేమి, తోటివారితో ఇబ్బందులు, ఇతరుల పట్ల సహృదయత అనే ఐదు విభాగాలకు ఐదేసి. మొదటి నాలుగు విభాగాలు కలిపితే 0 నుంచి 40 దాకా మొత్తం ఇబ్బందుల స్కోరు వస్తుంది. నింపడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. ఇది నిర్ధారణ కాదు, ముందూ వెనకా పోల్చుకునే గీత మాత్రమే.

దాంతోపాటు ఒక్కో పిల్లకు ఒకే ఒక్క లక్ష్యం, కంటికి కనిపించే మాటల్లో రాసుకోండి. "కోపం తగ్గాలి" అని రాస్తే 12 వారాల తర్వాత తగ్గిందో లేదో ఎవరూ తేల్చలేరు. "ఆటలో ఓడినప్పుడు వస్తువులు విసరకుండా గదిలోనే ఉండగలగాలి", "రోజుకొకసారైనా తనంతట తాను ఇంకో పిల్లతో మాట కలపాలి" అని రాస్తే తేల్చవచ్చు.

3. తల్లిదండ్రులతో ఒప్పందం

రాతపూర్వక సమ్మతి తీసుకోండి. గదిలో జరిగే ఆట వివరాలు బయటకు చెప్పరని, పిల్ల ప్రాణానికో శరీరానికో ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం చట్టం చెప్పినట్టు చెప్పక తప్పదని ఇద్దరికీ, పిల్లకు కూడా, మొదటే స్పష్టం చేయండి. సెషన్ అయ్యాక కారెక్కగానే "ఏం చేశావ్? బుద్ధిగా ఉన్నావా? ఎవరినైనా కొట్టావా?" అని ఆరా తీయవద్దని అడగండి. బుద్ధిగా ఉండటమే ఆ గదిలో పని అని పిల్ల అనుకుందంటే మొదటికే మోసం వస్తుంది. మాసినా ఫరవాలేని బట్టలు వేయమనండి. నాలుగో వారంలో, ఎనిమిదో వారంలో తల్లిదండ్రులను విడిగా కలుస్తామని తేదీలతో సహా చెప్పండి. ఒక మాట మరిచిపోకండి: నాలుగో వారం నుంచి ఆరో వారం మధ్య కొందరు పిల్లలు ఇంట్లో కాస్త ఎక్కువ అల్లరి, ఎక్కువ ఏడుపు చూపిస్తారు. ముందే చెప్పి ఉంచితే భయపడి మాన్పించరు. చెప్పకపోతే చాలామంది మాన్పించేది సరిగ్గా ఆ సమయంలోనే.

4. గది, వస్తువులు

నలుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలకు 20 నుంచి 25 చదరపు మీటర్ల గది సరిపోతుంది. మరీ పెద్ద హాలైతే పరుగులే మిగులుతాయి, మీ మాట చేరదు. మరీ ఇరుకైతే ఒకరి మోచేయి ఒకరికి తగిలి అనవసరపు తగాదాలు పుడతాయి. కడగడానికి వీలైన నేల, ఒకే తలుపు, నీటి కుళాయి లేదా సగం నిండిన బకెట్ కావాలి. అలమారలు తెరిచినవై, మీటరు ఎత్తు మించకుండా, గోడకు బిగించి ఉండాలి. ఒక మూలన మెత్తని దిండ్లు, దుప్పటి వేసి నెమ్మది మూల ఏర్పాటు చేయండి. అది శిక్ష వేసే చోటు కాదు, పిల్ల తనంతట తాను వెళ్లి కాసేపు కూర్చునే చోటు.

బొమ్మలు మూడు రకాలు కావాలి. ఇంటినీ లోకాన్నీ చూపించేవి: బొమ్మరిల్లు, కుటుంబం బొమ్మలు, వంట సామాను, డాక్టర్ పెట్టె, బొమ్మ ఫోన్లు, వాహనాలు. కోపం తీర్చుకునేవి: సింహం, మొసలి, రాక్షసుడు, సైనికులు, గుద్దడానికి పెద్ద దిండు, చింపడానికి పాత కాగితాల గుట్ట. తయారు చేయడానికి పనికొచ్చేవి: బంకమట్టి, రంగులు, క్రేయాన్లు, కాగితాలు, చెక్క దిమ్మెలు, చేతికి తొడుక్కునే బొమ్మలు, రంగు గుడ్డలు.

గ్రూపుకు ముఖ్యం, అందరికీ ఇష్టమైనవి రెండేసి ఉండటం. ఫోన్లు రెండు (ఒక్క ఫోన్‌తో సంభాషణ ఆట పుట్టదు), డాక్టర్ పెట్టెలు రెండు, కత్తెరలు నాలుగు, మొద్దు మొనవి. కానీ అన్నీ నాలుగేసి పెట్టకండి. అడిగి తీసుకోవడం, వంతు కోసం ఆగడం నేర్చుకునే సందర్భాలు మాయమవుతాయి. చెక్క దిమ్మెలు వంద దాకా ఉంటే ఇద్దరు ఒకేసారి కట్టుకోగలరు.

ఇసుక తొట్టి తప్పకుండా పెట్టమంటాం. ఇసుక ఆట చికిత్సను రూపొందించిన డోరా కాల్ఫ్ వాడిన కొలత 57 సెంటీమీటర్ల వెడల్పు, 72 పొడవు, 7 లోతు. లోపల నీలం రంగు వేస్తే ఇసుక తోసినచోట నీళ్లలా కనిపిస్తుంది. సగం లోతుకు దాదాపు 14 లీటర్ల ఇసుక పడుతుంది, బరువు 20 కిలోలు దాటుతుంది. కాబట్టి కదలని బల్ల మీద పెట్టండి. గ్రూపులో ఒక్క తొట్టి ఉంటే గొడవే. రెండు పెట్టండి.

బ్యాటరీతో మోగేవి, సినిమా కార్టూన్ పాత్రల బొమ్మలు, ఒక్కరే గెలిచే బోర్డు ఆటలు వద్దు. మొదటివి ఆటను అవే ఆడేస్తాయి. రెండోవాటికి కథ ముందే రాసి ఉంది. మూడోవి ఓటమిని తట్టుకోలేని పిల్లకు తొలివారంలోనే దెబ్బ. విరిగిన బొమ్మను ఆ రోజే తీసేయండి, ప్రతి వస్తువునూ ప్రతి వారం అదే చోట పెట్టండి. పోయిన వారం దాచిన మొసలి ఈ వారం అక్కడ లేకపోతే, కొందరు పిల్లలు ఆ గంటంతా దాని కోసమే వెతుకుతారు.

5. ఒక గంట ఎలా గడవాలి

ఒకే రోజు, ఒకే సమయం, ఒకే గది. తొలి రెండు సెషన్ల తర్వాత కొత్త పిల్లలను చేర్చకండి.

మొదటి ఐదు నిమిషాలు చెప్పులు విడవడం, తన పేరున్న కొక్కేనికి సంచి తగిలించడం. తర్వాత పది నిమిషాలు నేల మీద గుండ్రంగా కూర్చుని ఒక పలకరింపు ఆట. "ఈ రోజు నీ లోపల వాతావరణం ఎలా ఉంది: ఎండా, మబ్బా, వానా, ఉరుమా?" అని అడిగి బొమ్మ కార్డు పెట్టమనడం చాలు. కారణం అడగకండి. కార్డు పెట్టనంటే "ఈ రోజు పెట్టాలని లేదు" అని చెప్పి ముందుకు సాగండి. ఆ తర్వాత 10 నిమిషాలు అందరూ కలిసి ఆడే ఆట, 20 నిమిషాలు స్వేచ్ఛగా ఆట, 10 నిమిషాలు కలిసి చిరుతిండి, చివరి ఐదు నిమిషాలు వీడ్కోలు.

చిరుతిండిని చిన్నచూపు చూడకండి. పళ్లెం ఒకటే పెట్టి, ముక్కలు పిల్లల సంఖ్యకు సరిపోయేట్టు పెట్టండి, కాస్త ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఎవరు ముందు తీసుకున్నారు, ఎవరు రెండు తీశారు, ఎవరు తమది పక్కవాళ్లకు జరిపారు అన్నది చూస్తే గ్రూపు ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుంది. తిండి ఎలర్జీలు సమ్మతి పత్రంలోనే అడగాలి.

స్వేచ్ఛగా ఆడే సమయం ముగియడానికి ఐదు నిమిషాల ముందోసారి, ఒక నిమిషం ముందోసారి చెప్పండి. చెప్పకుండా ఆపితే ఏడుపులు, పెనుగులాటలు. గది సర్దడం పిల్లల పని చేయకండి, సర్దుడు మీదే. రంగులు పారబోసిన పిల్ల అవి తుడవాల్సి వస్తుందని తెలిస్తే మరుసటి వారం కుంచె ముట్టదు.

6. ఏం మాట్లాడాలి

పిల్లలు మిమ్మల్ని ఏమని పిలవాలో మొదటి రోజే తేల్చండి. "టీచర్" అన్న పిలుపు తరగతి గదిని వెంట తెస్తుంది. అక్క, అన్న నయం.

మీ మాటల్లో ఎక్కువ భాగం జరుగుతున్నదాన్ని చెప్పేవే అయ్యుండాలి: "సుధా, ఆ ఇంటి చుట్టూ గోడ కడుతున్నావు." ఆ తర్వాతి మెట్టు, కనిపిస్తున్న భావానికి పేరు పెట్టడం: "గోడ కూలిపోయేసరికి చిరాకేసింది." పిల్ల చేయగల నిర్ణయాన్ని పిల్లకే వదిలేయండి. "ఇది ఏ రంగు వేయాలి?" అంటే "ఇక్కడ నీ ఇష్టమే" అనండి. ప్రశ్నలు తగ్గించండి. "ఈ మొసలి ఎందుకు కోపంగా ఉంది?" అన్న ప్రశ్న పిల్లను ఆటలోంచి లాగి జవాబు చెప్పే కుర్చీలో కూర్చోబెడుతుంది.

"చాలా బాగుంది" అనే మెప్పు కూడా గ్రూపులో ప్రమాదమే. ఒకరిని మెచ్చుకోగానే మిగతా ముగ్గురూ తమ బొమ్మలు పట్టుకుని మీ వైపు వస్తారు. ఆట ఆగి పోటీ మొదలవుతుంది. దాని బదులు "చాలాసేపు కష్టపడి కట్టావు" అని చూసినది చెప్పండి.

గ్రూపుకే ప్రత్యేకమైన నైపుణ్యం ఒకరిని ఇంకొకరికి కలిపే మాట. "రాజు సుధ గోడ వైపే చూస్తున్నాడు." "మీ ఇద్దరి బొమ్మలూ దాక్కున్నాయి." ఇంతే. ఆ తర్వాత కలుస్తారా లేదా అన్నది వాళ్లిష్టం. పేర్లు అందరివీ సమానంగా పలుకుతున్నారో లేదో చూసుకోండి. గొడవ చేసేవాడి పేరు 30 సార్లు, మౌనంగా ఉన్న పిల్ల పేరు రెండుసార్లు వినిపించడం చాలా మామూలు. ఇద్దరు పెద్దల్లో ఒకరు ప్రతి సెషన్‌లో మౌనంగా ఉండేవాళ్ల మీద కన్నేసి ఉంచాలి.

7. హద్దులు

మొదటి రోజు నియమాలు మూడే: మనుషులకు నొప్పి కలగకూడదు, గదిని పాడుచేయకూడదు, అయ్యేదాకా గదిలోనే ఉండాలి. పది నియమాలు గోడకు అంటిస్తే అది బడి అవుతుంది. మిగతా హద్దులు అవసరం వచ్చినప్పుడే చెప్పాలి.

ఆట చికిత్స నిపుణుడు గ్యారీ లాండ్రెత్ నేర్పిన మూడు మెట్ల వరుస ఇక్కడ బాగా పనిచేస్తుంది: భావాన్ని గుర్తించడం, హద్దు చెప్పడం, బదులు దారి చూపడం. రాజు కట్టిన గోపురం సుధ చేయి తగిలి కూలింది అనుకుందాం. రాజు చెక్క దిమ్మె ఎత్తి సుధ వైపు చేయి లేపాడు. మీరు లేచి ఇద్దరికీ మధ్యకు వస్తూ, గొంతు పెంచకుండా, పేరుతో మొదలుపెట్టాలి. పేరు లేకపోతే వినపడదు. "రాజూ, గోపురం పడిపోయిందని నీకు చాలా కోపంగా ఉంది." ఒక్క క్షణం. "దిమ్మె సుధ మీద విసరడానికి కాదు." చూపుడు వేలితో: "ఆ దిండు మీద విసరొచ్చు, లేదా కాగితాలు చింపొచ్చు." చేయి ఇంకా పైనే ఉంటే అదే మూడు వాక్యాలు, అదే గొంతుతో మళ్లీ. మూడోసారికి ఎంపిక ఇవ్వండి: "దిమ్మె విసరాలనుకుంటే ఈ రోజుకు దిమ్మెలు అలమారలో పెట్టేయడాన్ని ఎంచుకున్నట్టు. దిండు మీద విసరాలనుకుంటే దిమ్మెలతో ఆట కొనసాగించడాన్ని ఎంచుకున్నట్టు." విసిరితే చెప్పినట్టే దిమ్మెలు తీసేయాలి, కోపం లేకుండా, ఆ ఒక్క రోజుకే. దిమ్మె ఎవరికైనా తగిలేట్టుంటే మాటల కోసం ఆగకండి, చేయి పట్టి ఆపండి. ఆ తర్వాతే మాటలు.

ఇందులో ఎక్కువగా తప్పేది మొదటి మెట్టు. కంగారులో పెద్దలు "విసరకు!" అనే మాటతో మొదలుపెడతారు. ఆ ఒక్క మాటతో పిల్లకూ మీకూ మధ్య కుస్తీ మొదలవుతుంది. రెండో తప్పు, సుధను మరచిపోవడం. దిమ్మె తగల్లేదు కదా అని వదిలేయకండి. "సుధా, నువ్వు భయపడ్డావు. ఇక్కడ ఎవరూ నిన్ను కొట్టకుండా చూసుకోవడం నా పని" అనాలి. మిగతా ఇద్దరూ అప్పటికే ఊపిరి బిగబట్టి ఈ మాట కోసమే చూస్తుంటారు.

8. అందరూ కలిసి ఆడే ఆటలు

ఎక్కువ ఆటలు అక్కర్లేదు. నాలుగైదు ఆటలు తిప్పి తిప్పి ఆడితే చాలు. పిల్లలకు తెలిసిన ఆట భరోసానిస్తుంది.

సబ్బు నీళ్ల బుడగలు: పెద్ద బుడగ రావాలంటే నెమ్మదిగా, పొడుగ్గా ఊదాలి. గట్టిగా ఊదితే పగులుతుంది. "శాంతంగా ఊపిరి తీయి" అంటే వినని పిల్ల కూడా బుడగ కోసం ఊపిరి నిదానించుకుంటుంది. ఉద్రేకంగా ఉన్న రోజు దీంతో మొదలుపెట్టండి. నేల జారుడవుతుంది, చాప పరవండి.

కుర్చీలాట: పాట ఆగగానే కుర్చీ దొరకని పిల్ల బయటకు వెళ్లిపోవడం మామూలు పద్ధతి. ఇక్కడ కుర్చీలే వెళ్లిపోతాయి, పిల్లలెవ్వరూ పోరు. ఒక్క కుర్చీలో అందరూ ఎలాగోలా సర్దుకోవాలి. ఒకరినొకరు తాకితే బెదిరే పిల్ల ఉంటే, కుర్చీల బదులు నేల మీద చాపలు వేయండి. ఒక కాలు చాప మీదుంటే చాలు.

తాబేలు: కోపం రాగానే ఆగి, చేతులు చుట్టుకుని తల దించి, మూడుసార్లు ఊపిరి తీసి, ఏం చేయాలో ఆలోచించి బయటకు రావడం. ముందు చేతి బొమ్మతో చూపించండి. పిల్లలు శాంతంగా ఉన్నప్పుడే మూడు వారాలపాటు ఆటగా ఆడించండి. కోపంలో ఉన్న పిల్లకు ఇది అప్పుడే నేర్పబోతే వెక్కిరించినట్టుంటుంది.

ఒకే కాగితం: రెండు మీటర్ల పొడవు కాగితం పరచి అందరూ ఒక ఊరు గీయడం. మొదటి వారాల్లో ఎవరి మూల వాళ్లది, మధ్యలో ఖాళీ. ఏడెనిమిది వారాలకు రోడ్లు కలుస్తాయి. ప్రతిసారీ తేదీ వేసి దాచండి. చివరి రోజు పనికొస్తాయి.

9. ఎక్కడ చెడుతుంది

తొలి రెండు వారాలు మర్యాదగా గడుస్తాయి. మూడు నుంచి ఆరు దాకా హద్దులను పరీక్షిస్తారు: ఈ పెద్దవాళ్లు అన్నమాట మీద నిలబడతారా లేదా? ఇది కార్యక్రమం విఫలమవుతోందన్న గుర్తు కాదు. కానీ ఈ దశలో మీరు నియమాలు మార్చినా, సెషన్ వాయిదా వేసినా, పిల్లలు అడిగిన ప్రశ్నకు "నిలబడరు" అని జవాబిచ్చినట్టే.

ఇదే దశలో అందరి కోపం ఒక్కరి మీదకు మళ్లడం చూస్తారు. "వాడు పాడు చేశాడు", "వాడు వద్దు". ఆ పిల్లను వెనకేసుకొస్తే మిగతావాళ్లు ఇంకా పగబడతారు. ఊరుకుంటే ఆ పిల్ల నలిగిపోతుంది. ఆ కోపాన్ని మీ వైపు తిప్పుకోవడం పనిచేస్తుంది: "గదిలో ఈ రోజు అందరికీ కోపంగా ఉంది. దిమ్మెలు చాలలేదు. ఎక్కువ పెట్టి ఉండాల్సింది నేను." తర్వాత ఆ పిల్లకు అందరికీ కావలసిన పని ఒకటి వచ్చేట్టు చూడండి, ఉదాహరణకు చిరుతిండి పళ్లెం తేవడం. రెండు మూడు వారాలైనా మారకపోతే కూర్పు తప్పిందన్నమాట. పర్యవేక్షకులతో మాట్లాడి ఆ పిల్లను విడి సెషన్లకు మార్చాలి.

ఒకరి ఉద్రేకం నలుగురికీ అంటుకున్నప్పుడు మాటలు పెంచకండి. పెద్దల్లో ఒకరు నేల మీద కూర్చుని గొంతు తగ్గించాలి, రెండోవారు దీపాలు కాస్త తగ్గించి కాగితం పరచాలి. బిగ్గరగా అరిచి ఆపితే ఆ క్షణానికి ఆగుతుంది, కానీ ఇంట్లో అరుపులు వినే పిల్లలకు ఈ గది కూడా ఇల్లయిపోతుంది.

మాట్లాడని పిల్ల విషయంలో తొందరపడకండి. పక్కన కూర్చుని అదే రకం బొమ్మతో మీరూ ఆడుకుంటుంటే చాలు. నాలుగైదు వారాలు చూస్తూ ఉండటమే ఆ పిల్ల పాల్గొనే తీరు కావచ్చు.

నిజంగా ఆందోళన పడాల్సింది ఇంకో రకం ఆటను చూసి: అదే దృశ్యం, అదే వరుస, ముఖంలో ఆనందం లేదు, చివర ఎప్పుడూ ఎవరో చనిపోతారు, ఆట అయ్యాక ఊరట కనిపించదు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో బడి బస్సు నుంచి అపహరణకు గురైన 26 మంది పిల్లలలో మానసిక వైద్యురాలు లెనోర్ టెర్ ఇలాంటి ఆటను గమనించి రాశారు. మూడు నాలుగు వారాలు కథ అంగుళం కదలకపోతే ఆ పిల్లకు గ్రూప్ చాలదు. మనసుకు తగిలిన గాయానికి విడిగా చికిత్స కావాలి.

ఇంట్లో ఎవరో కొడుతున్నారనో తాకుతున్నారనో పిల్ల నోరు విప్పితే, గ్రూపు ముందు వివరాలు రాబట్టకండి. "నాతో చెప్పడం మంచిపని చేశావు. సెషన్ అయ్యాక మనం ఇద్దరం మాట్లాడదాం" అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. అదే రోజు పిల్ల అన్న మాటలు అన్నట్టుగా రాసి, చట్టం కోరిన చోట తెలియజేయండి.

10. నోట్సు

సెషన్ అయిన అరగంటలోపు ఇద్దరు పెద్దలూ విడివిడిగా రాసి, తర్వాత పోల్చుకోండి. ఒక్కో పిల్లకు నాలుగు వరుసలు: ఏం ఆడింది, ఎవరి దగ్గరకు వెళ్లింది, హద్దు ఎక్కడ అవసరమైంది, లక్ష్యంలో ఏం కనిపించింది. వ్యాఖ్యానం వద్దు, చూసినది చాలు. ఇద్దరి నోట్సులోనూ ఒకే పిల్ల గురించి ఏమీ రాయడానికి లేకపోతే, వచ్చే వారం మొదట చూడాల్సింది ఆ పిల్లనే. రెండు వారాలకోసారి పర్యవేక్షణ తప్పనిసరి. ముఖ్యంగా ఏ పిల్ల మీద మీకు లోలోపల విసుగు పుడుతోందో అక్కడే చెప్పుకోవాలి. పిల్ల దాన్ని మీకంటే ముందే పసిగడుతుంది.

11. ముగించడం

ఈ పిల్లల్లో చాలామందికి మనుషులు చెప్పకుండా వెళ్లిపోయిన అనుభవం ఉంటుంది. కాబట్టి ముగింపు తొమ్మిదో వారంలోనే మొదలవ్వాలి. నాలుగు లంకెల రంగు కాగితపు గొలుసు కట్టి గోడకు వేలాడదీసి, వారానికో లంకె పిల్లలే తెంపేట్టు చేయండి. పదో వారంలో పాత గొడవలు, మొదటి వారాల అల్లరి తిరిగి రావచ్చు. "ఇంకా బాగుపడలేదు" అని గడువు పొడిగించకండి. అల్లరి చేస్తే వీడ్కోలు ఆగుతుందని నేర్పినట్టవుతుంది. "ఇంకో రెండుసార్లే ఉందంటే బాధగా, కోపంగా ఉంది" అని భావానికి పేరు పెట్టండి చాలు.

చివరి సెషన్‌లో దాచిన ఊరి బొమ్మలన్నీ వరుసగా నేల మీద పరచండి. ఒక్కో పిల్ల గురించి మీరు చూసిన మార్పు ఒకటి, నిజమైనది, చెప్పండి: "రాజూ, ఇప్పుడు గోపురం పడితే మళ్లీ కడుతున్నావు." బహుమతులు అక్కర్లేదు. బొమ్మలు ఇంటికివ్వకండి, అవి గదివి. తను గీసినది తీసుకెళ్లాలంటే తీసుకెళ్లవచ్చు.

వారంలోపు తల్లిదండ్రులను విడివిడిగా కలిసి ప్రశ్నావళి మళ్లీ నింపించండి. మామూలు పత్రం గత ఆరు నెలల గురించి అడుగుతుంది కాబట్టి, ఇప్పుడు గత నెల గురించి అడిగే తదుపరి పత్రాన్నే వాడాలి. లేకపోతే మార్పు స్కోరులో కనిపించదు. స్కోరు తగ్గి లక్ష్యం నెరవేరిన పిల్లకు రెండు నెలల తర్వాత ఒక ఫోన్ పలకరింపు సరిపోతుంది. స్కోరు కదలకపోయినా సాంగత్యం కోసం ముందుకొస్తున్న పిల్లను తర్వాతి గ్రూపులో చేర్చుకోవచ్చు. స్కోరు పెరిగితే, లేదా నిద్ర, తిండి, బడి మూడింటిలో రెండు దెబ్బతింటే, పిల్లల మానసిక వైద్యుల దగ్గరకు పంపే లేఖ ఆ సమావేశంలోనే తల్లిదండ్రుల చేతిలో పెట్టండి.